లివర్ మార్పిడికి ముందు మద్యం పరీక్షలు: డెల్టా కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

అమలాపురం, రాజోలు, నరసాపురం, భీమవరం, తణుకు, కాకినాడ వైపు నుంచి లివర్ మార్పిడి కోసం విశాఖ, విజయవాడ, హైదరాబాద్, చెన్నై ఆసుపత్రులకు వెళ్లే కుటుంబాలతో మాట్లాడటం నా పని. మద్యం వల్ల లివర్ పాడైన ఇంట్లో ఆపరేషన్ కంటే ముందు టెన్షన్ పెట్టేవి ఈ టెస్టులే. ‘దొరికిపోతామా’, ‘లిస్టులోంచి కొట్టేస్తారా’ అని ఫోన్లో గొంతు తగ్గించి అడుగుతారు. అలా అడిగిన ప్రశ్నలే ఇవి. రోగి పరిస్థితిని బట్టి జవాబు మారుతుంది కాబట్టి చివరికి మీ డాక్టర్లు చెప్పిందే మీకు లెక్క. నేను మాత్రం ఎవరితోనైనా మొదట ఒకటే చెప్తాను: టెస్టు బయటపెట్టక ముందే మీరే చెప్పేయండి. ఎందుకో కింద చదివితే తెలుస్తుంది.

ఆయన మానేశానని ఒట్టేసి చెప్తున్నారు. మాట నమ్మకుండా టెస్టులెందుకండీ?

మద్యం అలవాటు ఉన్న ప్రతి రోగికీ ఇవి చేస్తారు. కొన్ని ఆసుపత్రులు వేరే కారణాలతో లివర్ పాడైనవాళ్లకి కూడా చేస్తాయి. మీ ఆయన్ని వేరుగా పెట్టి అనుమానించడం లేదు.

కారణాల్లో అన్నిటికంటే ముఖ్యమైనది చాలామందికి ఎవరూ చెప్పరు. తాగడం పూర్తిగా ఆపితే కొంతమందికి పాడైన లివర్ నెలల్లోనే తేరుకుంటుంది. కడుపులో నీరు తగ్గుతుంది, కామెర్లు తగ్గుతాయి, ఇక మార్పిడి అక్కర్లేని స్థితికి వస్తారు. అంటే మానేసి మూడు నెలలైనా బిలిరుబిన్ (రక్తంలో కామెర్ల కొలత) దిగని మనిషీ, ఇంకా తాగుతూ ఉండటం వల్ల దిగని మనిషీ ఒకటి కాదు. మొదటివాళ్లకి ఆపరేషన్ కావాలి. రెండోవాళ్లకి ముందు మానే చికిత్స కావాలి. ఈ తేడా తెలియకపోతే అవసరం లేని పెద్ద ఆపరేషన్ చేసే ప్రమాదం ఉంది.

ఆపరేషన్ దాకా తాగిన మనిషికి ఐసీయూలో రెండో రోజో మూడో రోజో వణుకు, భ్రమలు, ఫిట్స్ రావచ్చు. అవి మద్యం ఆగినందుకు వచ్చాయా, ఇన్‌ఫెక్షన్ వల్ల వచ్చాయా, లివర్ పాడైనందుకు వచ్చిన మగతా అని తేల్చుకోవడంలోనే విలువైన గంటలు పోతాయి.

ఇక కొత్త లివర్ ఎక్కడి నుంచి వస్తుందో కూడా చూడండి. బ్రెయిన్ డెడ్ అయిన మనిషి కుటుంబం ఇస్తే జీవన్‌దాన్ లాంటి ప్రభుత్వ అవయవదాన జాబితా ద్వారా వస్తుంది. లేకపోతే భార్యో, కొడుకో, తోడబుట్టినవాళ్లో పొట్ట కోయించుకుని ఇస్తారు. రెండు చోట్లా ఇంకొకరి త్యాగం ఉంది.

ఏయే టెస్టులు చేస్తారు?

ఊపిరితో, రక్తంతో నేరుగా ఆల్కహాల్ చూసే టెస్టు కొన్ని గంటల కిందట తాగిందే చెప్తుంది. రాత్రి తాగినది మర్నాడు మధ్యాహ్నానికి దొరక్కపోవచ్చు. మూత్రంలో ఈటీజీ, ఈటీఎస్ అనేవి (తాగిన ఆల్కహాల్ నుంచి ఒంట్లో తయారయ్యే పదార్థాలు) చూస్తే మూడు రోజులు, ఒక్కోసారి ఐదు రోజుల వెనక్కి తెలుస్తుంది. రక్తంలో పెథ్ చూస్తే రెండు నుంచి నాలుగు వారాలు. వెంట్రుకల్లో ఈటీజీ చూస్తే సుమారు మూడు నెలలు. వీటితోపాటు ఆడిట్ అనే ప్రశ్నల పట్టిక, సైకియాట్రిస్టు దగ్గర ఒకటో రెండో సిట్టింగులు ఉంటాయి. ఏ ఒక్క టెస్టూ అన్నీ చెప్పదు కాబట్టి రెండు మూడు కలిపి చూస్తారు.

పెథ్ అంటే ఏమిటి? అందరూ దాని గురించే మాట్లాడుతున్నారు.

పూర్తి పేరు ఫాస్ఫాటిడైల్ ఇథనాల్. ఎర్ర రక్తకణాల పైపొరలో ఒక రకం కొవ్వు ఉంటుంది. రక్తంలో ఆల్కహాల్ ఉన్నప్పుడు ఫాస్ఫోలైపేజ్ డి అనే ఎంజైమ్ ఆ కొవ్వుకి ఆల్కహాల్‌ని తగిలిస్తుంది. అలా తయారయ్యేదే పెథ్. ఆల్కహాల్ లేకుండా ఒంట్లో ఇది తయారవదు. తాగిన మద్యం గంటల్లో ఒంట్లోంచి పోతుంది కానీ పెథ్ కణాల పొరలోనే ఉండి, మెల్లగా తగ్గుతుంది. వరద తీశాక లంక ఊళ్లలో గోడ మీద నీటి గీత మిగిలినట్టు, తాగినదెంతో ఆ మేరకు గుర్తు మిగులుతుంది.

లివర్ రోగులకి ఇది బాగా పనికొస్తుంది. ఎందుకంటే ఇది తయారయ్యేది రక్తకణాల మీద. లివర్ ఎంత పాడైందన్న దానితో దీని అంకె పెద్దగా మారదు.

రిపోర్టులో అంకెని ఎలా అర్థం చేసుకోవాలి?

మిల్లీలీటరుకి ఎన్ని నానోగ్రాములు అని ఇస్తారు. ఎక్కువగా వాడే లెక్క ఇది: 20 కంటే తక్కువైతే తాగలేదు, లేదా ఎప్పుడో చాలా కొంచెం తాగారు. 20 నుంచి 200 మధ్య ఉంటే తాగుతున్నారు, మోతాదు మధ్యస్థం. 200 దాటితే బాగా తాగుతున్నారు. యూనిట్లు, హద్దులు ల్యాబుని బట్టి మారవచ్చు కాబట్టి రిపోర్టు మీద ఉన్నవి ఒకసారి సరిచూసుకోండి.

‘కొంచెం’ అన్నప్పుడు ఎంతో కూడా తెలియాలి కదా. మన దగ్గర దొరికే విస్కీ, బ్రాందీలో 42.8 శాతం ఆల్కహాల్ ఉంటుంది. 60 మిల్లీలీటర్ల పెగ్గులో సుమారు 20 గ్రాముల ఆల్కహాల్. క్వార్టర్ అంటే దాదాపు 60 గ్రాములు. స్ట్రాంగ్ బీరు పెద్ద సీసా ఒకటి సుమారు 40 గ్రాములు, అంటే రెండు పెగ్గులు. ‘బీరే కదా’ అనేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

నిజంగానే మూడు వారాల కిందట మానేశాడు. అయినా పాజిటివ్ వచ్చింది. ఇదెక్కడి అన్యాయం?

ఎక్కువగా ఏడిపించేది ఈ సందర్భమే, అందుకని కొంచెం వివరంగా చెప్తాను. పెథ్ సగానికి తగ్గడానికి నాలుగు నుంచి పది రోజులు పడుతుంది. మనిషి మనిషికీ తేడా ఉంటుంది. వారానికి సగం చొప్పున తగ్గుతుందనుకుందాం. మానేసిన రోజున 800 ఉన్న మనిషికి మొదటి వారం చివర 400, రెండో వారానికి 200, మూడో వారానికి 100, నాలుగో వారానికి 50, ఐదో వారానికి 25. ఆరో వారంలో గానీ 20 కిందకి దిగదు. చుక్క ముట్టకపోయినా మూడో వారంలో 100 వచ్చిందంటే అందులో అబద్ధం ఏమీ లేదు.

అందుకే ఒక్క అంకె పట్టుకుని తీర్పు చెప్పకూడదు. రెండు మూడు వారాల తేడాతో మళ్లీ చేయించి, దిగుతోందా పెరుగుతోందా చూడాలి. 400 నుంచి 100కి వచ్చినవాడు మాట నిలబెట్టుకుంటున్నాడు. 40 నుంచి 90కి వచ్చినవాడు మళ్లీ మొదలుపెట్టాడు, అంకె చిన్నదే అయినా. మానేసిన తేదీని నిజాయితీగా చెప్తేనే ఈ లెక్క మీకు సాక్ష్యం పలుకుతుంది. ‘ఏడాది క్రితమే మానేశా’ అని చెప్పి 100 వస్తే ఇంక ఎవరూ మీ పక్షాన మాట్లాడలేరు.

మొదటి రిపోర్టు చూసి కంగారుపడి ఊరుకోకండి. ‘రెండోసారి ఎప్పుడు చేస్తారు?’ అని అడగండి. అడగడం మీ హక్కు.

జీజీటీ ఎక్కువ ఉందని మా ఊరి డాక్టరుగారు ‘తాగుతున్నాడు’ అన్నారు. అంతేనా?

అంతే అని చెప్పలేం. జీజీటీ, ఎంసీవీ, ఎస్‌జీఓటీ–ఎస్‌జీపీటీ నిష్పత్తి లాంటివి మామూలు రక్తపరీక్షల్లో పాతకాలం నుంచి చూస్తున్న గుర్తులు. లివర్ గట్టిపడిపోయినవాళ్లకి (దీన్నే సిరోసిస్ అంటారు) తాగకపోయినా ఇవి తేడాగా ఉంటాయి. సీడీటీ అనే ఇంకో రక్తపరీక్ష కూడా ముదిరిన సిరోసిస్‌లో తప్పు దారి పట్టించగలదు. వీటిలో ఏ ఒక్కదాని మీదో ఆధారపడి మనిషిని దోషిని చేయడం నాకు మనసొప్పదు.

రక్తపు వాంతులై ఊళ్లో రక్తం ఎక్కించారు. దాని వల్ల పెథ్ తేడా వస్తుందా?

వస్తుంది. ఎక్కించిన రక్తం ఇచ్చిన మనిషి తాగి ఉంటే అతని కణాల మీదున్న పెథ్ మీ రోగి రిపోర్టులో కనిపించవచ్చు. లేదా రోగి సొంత రక్తం పలచబడి అంకె తగ్గి కనిపించవచ్చు. ఏ తేదీన, ఎన్ని బాటిళ్లు ఎక్కించారో డిశ్చార్జి కాగితంతో సహా చూపించండి. ఇది చాలామంది మర్చిపోయే విషయం.

రక్తం తీసేటప్పుడు స్పిరిట్ దూదితో తుడుస్తారు కదా, అది కలవదా?

మంచి ప్రశ్న. పెథ్ శాంపిల్‌లో ఆల్కహాల్ కలిస్తే ట్యూబులోనే కొత్త పెథ్ తయారవగలదు. అందుకే తెలిసినవాళ్లు స్పిరిట్ బదులు అయోడిన్ లాంటి మందుతో తుడిచి, ఆరనిచ్చి, ఊదా రంగు మూత ట్యూబులోకి తీస్తారు. నర్సమ్మ స్పిరిట్ దూది తీయబోతుంటే ‘ఇది మద్యం టెస్టు సిస్టర్, స్పిరిట్ వద్దండి’ అని మర్యాదగా గుర్తుచేయండి. ఎవరూ ఏమీ అనుకోరు.

అమలాపురంలో ల్యాబులో చేయించుకుని రిపోర్టు పట్టుకెళ్తే చాలదా?

పెథ్ మామూలు ల్యాబు యంత్రాలతో అయ్యేది కాదు. మాస్ స్పెక్ట్రోమెట్రీ అనే ఖరీదైన పద్ధతి కావాలి. మన దగ్గర కలెక్షన్ సెంటర్లు శాంపిల్ తీసుకుని పెద్ద ఊళ్లకి పంపుతాయి. మేలో, జూన్‌లో మన ఎండల్లో కొరియర్ సంచిలో ఐస్ కరిగిపోతే శాంపిల్ నాణ్యత దెబ్బతింటుంది. రక్తపు చుక్కని ప్రత్యేకమైన కాగితం మీద ఆరబెట్టి పంపే పద్ధతి దీనికి మేలు. అయితే శాంపిల్ ఎవరిదో పేరు, ఫొటో గుర్తింపు సరిచూసి తీశారని నమ్మకం ఉండాలి కాబట్టి మార్పిడి చేసే ఆసుపత్రి తన దగ్గర తీసినదాన్నే ఎక్కువగా లెక్కలోకి తీసుకుంటుంది. ముందే అడిగితే రెండుసార్లు డబ్బు పెట్టే పని తప్పుతుంది.

మూత్రం టెస్టులో మోసం చేస్తున్నామని ఎందుకు అనుకుంటారు? నీళ్లు తాగితే తప్పా?

బిందెడు నీళ్లు తాగి వెళ్తే మూత్రం పలచబడి ఈటీజీ హద్దు కింద పడిపోతుంది. అందుకే పక్కనే మూత్రం ఎంత చిక్కగా ఉందో చెప్పే క్రియాటినిన్ కూడా కొలుస్తారు. మరీ తక్కువ వస్తే ‘పలచన శాంపిల్’ అని రాసి మళ్లీ అడుగుతారు. కాళ్ల వాపుకి నీరు పోయే మాత్రలు వేసుకునేవాళ్లకి ఇది తమ తప్పు లేకుండానే జరగవచ్చు. ఆ మాత్రల పేర్లు ముందే చెప్పండి.

షుగర్ ఉన్నవాళ్లకి ఇంకో చిక్కు. మూత్రంలో షుగర్ పోతుండగా శాంపిల్ వెచ్చగా గంటల తరబడి ఉంటే, అందులోని ఈస్టు ఆ షుగర్‌ని పులియబెట్టి ఆల్కహాల్ చేస్తుంది. దాని నుంచి క్రిములు ఈటీజీని కూడా తయారు చేయగలవు. దీనికి వ్యతిరేకంగా కూడా జరుగుతుంది: మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉంటే ఈ.కోలై లాంటి క్రిములు ఉన్న ఈటీజీని తినేసి, తాగినవాడిని తాగనివాడిగా చూపించవచ్చు. ఈటీఎస్ విషయంలో ఈ గొడవ చాలా తక్కువ. అందుకే రెండూ కలిపి చూస్తారు. కిడ్నీ పనితీరు తగ్గినవాళ్లలో ఇవి మామూలు కంటే ఎక్కువ రోజులు కనిపిస్తాయి.

కొన్ని చోట్ల బాత్‌రూమ్ తలుపు దగ్గర ఒక మనిషిని నిలబెడతారు. పెద్దవాళ్లకి అది అవమానంగా ఉంటుంది. నాకూ అది చూస్తే బాధే. ముందే చెప్పి, పద్ధతి వివరించి చేస్తే ఆ బాధ సగం తగ్గుతుంది. ఆసుపత్రివాళ్లు అది చేయాలి.

కల్లు కూడా లెక్కలోకి వస్తుందా? చలవే కదా!

వస్తుంది. తాటికల్లయినా, ఈతకల్లయినా, కొబ్బరికల్లయినా అందులో ఉన్నది అదే ఆల్కహాల్. చెట్టు మీద నుంచి దింపిన గంటల్లోనే పులవడం మొదలవుతుంది, పులిసిన కల్లులో సుమారు 4 నుంచి 6 శాతం ఉంటుంది. లీటరు కల్లు తాగితే రెండు పెగ్గులు తాగినట్టే. పెథ్‌కి అది విస్కీయా, సారాయా, కల్లా అన్న తేడా తెలియదు. వేసవిలో చెట్ల కింద కూర్చుని ‘మందు మానేశా, కల్లు ఒక్కటే’ అనే పెద్దాయనలు మన ఊళ్లలో ఉన్నారు. వాళ్లు అబద్ధం ఆడటం లేదు. కల్లుని మద్యంగా ఎవరూ వాళ్లకి చెప్పలేదు. డాక్టరు కూడా ‘తాగుతారా’ అని ఊరుకోకుండా ‘కల్లు తాగుతారా’ అని విడిగా అడగాలి. మీరూ అడక్కుండానే చెప్పండి.

దగ్గు మందు, అరిష్టం, శానిటైజర్ వల్ల పాజిటివ్ వస్తుందా? చద్దన్నం, ఇడ్లీ తినొచ్చా?

ఇడ్లీ, దోసె, అట్టు నిశ్చింతగా తినండి. పిండి పులిసినా దానిలో ఉండేది అతి స్వల్పం, ఉడికేటప్పుడు అది కూడా పోతుంది. చద్దన్నం, తరవాణి విషయానికొస్తే, రిపోర్టు సంగతి అలా ఉంచి, రోగనిరోధక శక్తి తగ్గిన లివర్ రోగికి రోజుల తరబడి పులియబెట్టినది ఇన్‌ఫెక్షన్ భయంతో డాక్టర్లు వద్దనే అంటారు.

అసలు జాగ్రత్తపడాల్సినవి వేరే ఉన్నాయి. ద్రాక్షారిష్టం, దశమూలారిష్టం, అశోకారిష్టం లాంటి ఆసవాలు, అరిష్టాల్లో పులియడం వల్ల పుట్టిన ఆల్కహాల్ 12 శాతం దాకా ఉండవచ్చు. అంటే బీరు కంటే ఎక్కువ. కొన్ని దగ్గు మందుల్లో, టానిక్కుల్లో, హోమియో డ్రాప్స్‌లో, మౌత్‌వాష్‌లో కూడా ఉంటుంది. శానిటైజర్ రోజంతా చేతులకి రాసుకుంటూ ఆ ఆవిరి పీల్చేవాళ్లకి మూత్రంలో ఈటీజీ కొద్దిగా కనిపించవచ్చు. అందుకే కొన్ని ల్యాబులు ఈటీజీ హద్దుని మిల్లీలీటరుకి 100 నానోగ్రాముల దగ్గర కాకుండా 500 దగ్గర పెట్టుకుంటాయి. పెథ్‌ని మాత్రం శానిటైజర్ 200 దాటించలేదు. అది సాకుగా పనికిరాదు.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. కామెర్లకి పసరు మందు పోయించడం, చేతి మీద వాతలు పెట్టించడం మన దగ్గర ఇంకా ఉంది. ఆ పసరులో ఏముందో పోసినవాళ్లకే తెలియదు. ఉన్న కాస్త లివర్‌ని అది తినేయగలదు. దయచేసి వద్దు. ఇప్పటికే పోయించి ఉంటే సిగ్గుపడకుండా డాక్టరుకి చెప్పండి.

వెంట్రుకల టెస్టు ఎలా చేస్తారు? మా నాన్నగారు మొన్ననే చినతిరుపతిలో గుండు చేయించుకున్నారు.

తల వెనుక భాగంలో, నడినెత్తికి కొంచెం కింద, సుమారు పెన్సిల్ లావున ఒక పాయ తీసుకుంటారు. దారంతో కట్టి, చర్మానికి దగ్గరగా కత్తిరించి, మొదలు ఎటువైపో గుర్తు పెట్టి, రేకు కాగితంలో చుడతారు. జుట్టు నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది, కాబట్టి మొదటి మూడు సెంటీమీటర్లు గత మూడు నెలల సంగతి చెప్తాయి. మిల్లీగ్రాము జుట్టులో 5 పికోగ్రాములు దాటితే మళ్లీ మళ్లీ తాగినట్టు, 30 దాటితే దీర్ఘకాలం అతిగా తాగినట్టు లెక్క. రంగు వేసినా, బ్లీచింగ్ చేసినా అంకె తగ్గి కనిపించవచ్చు.

ద్వారకా తిరుమలలోనో, కొండ మీదనో మొక్కు తీర్చుకుంటే జుట్టు ఉండదు, నిజమే. కొన్ని చోట్ల ఒంటి మీద వెంట్రుకలు తీసుకుంటారు కానీ వాటి లెక్క అంత స్పష్టంగా ఉండదు. ఇతర రాష్ట్రాల డాక్టరుకి గుండు చూస్తే అనుమానం రావచ్చు. అపాయింట్‌మెంట్ తేదీ తెలిసి ఉంటే మొక్కు కొన్నాళ్లు వాయిదా వేసుకోండి. స్వామి ఆగుతాడు. ఇప్పటికే అయిపోతే మొక్కు సంగతి చెప్పి, నెలనెలా పెథ్ చేయించుకుంటామని మీరే అడగండి.

ఆరు నెలలు మానేస్తేనే మార్పిడి చేస్తారట, నిజమేనా?

చాలా ఆసుపత్రులు ఆ మాట చెప్తూ వచ్చాయి. ఇప్పుడు అది రాతి మీద గీత కాదు. మద్యం వల్ల ఒక్కసారిగా లివర్ దెబ్బతిని, మందులకి లొంగని రోగులకి ఆరు నెలలు ఆగే వ్యవధే ఉండదు. ఫ్రాన్స్, బెల్జియం డాక్టర్లు 2011లో ప్రచురించిన అధ్యయనంలో, జాగ్రత్తగా ఎంచుకున్న అలాంటివాళ్లకి ముందుగానే మార్పిడి చేస్తే ఆరు నెలల తర్వాత 77 శాతం మంది బతికి ఉన్నారు. చేయనివాళ్లలో 23 శాతమే. ఆ ఎంపికలో తమ జబ్బుని ఒప్పుకోవడం, కుటుంబం అండగా ఉండటం ముఖ్యమైన షరతులు. ఒక్కో ఆసుపత్రి విధానం ఒక్కోలా ఉంటుంది. మొదటి రోజే అడిగి తెలుసుకోండి.

పాజిటివ్ వస్తే ఇక అంతేనా?

కాదు. మంచి ఆసుపత్రిలో ముందు మాట్లాడతారు, రెండో టెస్టుతో ధ్రువపరుస్తారు, మానే చికిత్సకి పంపుతారు. కొన్నాళ్లు లిస్టులో పక్కన పెట్టవచ్చు, మళ్లీ తెరుస్తారు. తలుపు పూర్తిగా మూసుకుపోయేది ఎక్కువగా పదేపదే దాచినప్పుడు, చికిత్సకి రానప్పుడు. నేను చూసినంతలో ‘సార్, పోయిన ఆదివారం ఆగలేక తాగాను’ అని టెస్టుకి ముందే చెప్పినవాళ్లకి సాయం దొరికింది. అదే విషయం రిపోర్టు చెప్పాక, సాయం చేసే చేతులు కూడా వెనక్కి జంకుతాయి.

తాగుతున్నాడని నాకు తెలుసు. డాక్టరుకి చెప్తే ఆపరేషన్ ఆగిపోయి ఆయన చనిపోతే నా వల్లే కదా?

ఈ ప్రశ్న అడిగేటప్పుడు ఏ ఇల్లాలి కంఠమైనా వణుకుతుంది. అమ్మా, ముందు ఒకటి వినండి: ఆయన తాగడానికి మీరు కారణం కాదు, ఆపలేకపోవడం మీ నేరమూ కాదు. పైగా చాలాసార్లు లివర్ ఇవ్వడానికి ముందుకొచ్చేది మీరే.

తాగుతున్న మనిషికి మార్పిడి చేస్తే కొత్త లివర్ పాడవ్వచ్చు. తాగిన మత్తులో, ఆ లివర్‌ని ఒళ్లు తిప్పికొట్టకుండా రోజూ ఒకే టైముకి వేసుకోవాల్సిన టాక్రోలిమస్ లాంటి మాత్రలు తప్పిపోతాయి. అప్పుడు ఆయనా మిగలరు, మీరిచ్చిందీ మిగలదు. అందుకని చెప్పండి. అందరి ముందూ చెప్పక్కర్లేదు. ఆసుపత్రిలో మార్పిడి పనులు చూసే కోఆర్డినేటర్‌నో, సైకియాట్రిస్టునో ‘నాతో విడిగా రెండు నిమిషాలు మాట్లాడండి’ అని అడగండి. మీరు చెప్పారని ఆయనకి చెప్పొద్దని కూడా అడగవచ్చు. వీలైతే ఇంటి దగ్గరే ఆయనతో ‘మనిద్దరం కలిసి చెప్దాం’ అనండి. అన్నిటికంటే మేలైన దారి అది.

లివర్ ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయం కూడా మీదే. అత్తింటివాళ్లు, పెద్దలు ఒత్తిడి పెడుతుంటే డాక్టరు దగ్గర ఒంటరిగా చెప్పండి. వద్దన్న కారణాన్ని బయటపెట్టకుండానే ‘సరిపోలేదు’ అని చెప్పే వెసులుబాటు వాళ్లకి ఉంటుంది.

ఆయనకి తెలియకుండా కాఫీలో కలిపే మాన్పించే మందు ఇస్తున్నాం. కొనసాగించొచ్చా?

వెంటనే ఆపి డాక్టరుకి చెప్పండి. అలా అమ్మేవాటిలో డైసల్ఫిరామ్ అనే మందు ఉండవచ్చు. దాని మీద తాగితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు, పైగా అది లివర్‌నే దెబ్బతీయగలదు. లివర్ రోగులకి సైకియాట్రిస్టులు చూసి ఇచ్చే మందులు వేరే ఉన్నాయి. బాక్లోఫెన్‌ని సిరోసిస్ రోగుల మీద పరీక్షించి చూశారు కూడా. కానీ మగత ఉన్నవాళ్లకి అదీ ప్రమాదమే కాబట్టి సొంతంగా కొనకండి.

అయితే ఈ రోజే సీసాలన్నీ పారబోసి మాన్పించేస్తాం!

రోజూ క్వార్టరో అంతకంటే ఎక్కువో తాగే మనిషి ఇంట్లో ఒక్కసారిగా ఆపితే రెండు నుంచి నాలుగు రోజుల్లో తీవ్రమైన వణుకు, భ్రమలు, ఫిట్స్ రావచ్చు. అది ఎమర్జెన్సీ. ఆసుపత్రిలో చేర్చి మాన్పించండి. కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 14446 నంబరుకి ఫోన్ చేయండి, అది మత్తు అలవాట్ల జాతీయ హెల్ప్‌లైన్. మనసు బాగోలేక మాట్లాడాలనిపిస్తే టెలీమానస్ 14416.

సంక్రాంతికి బంధువులొస్తారు. కోడి పందేల దగ్గర ‘ఒక్క పెగ్గుకి ఏమవుతుంది బావా’ అంటారు...

ఆ ఒక్కసారి తాగింది కూడా పెథ్‌లో పది పన్నెండు రోజులు కనిపించవచ్చు. కానీ నాకు టెస్టు కంటే ఆ మొదటి పెగ్గు తర్వాత వచ్చే రెండోదే భయం. భోగి నుంచి కనుమ దాకా భీమవరం చుట్టుపక్కల ఏ తోటలోకి వెళ్లినా సీసా తప్పదు. రోగిని ఆ మూడు రోజులూ బరుల దగ్గరికి పంపకండి. బావమరుదులకి ఇంటి పెద్ద ముందే ఫోన్ చేసి ‘వాడి ముందు తీయొద్దు’ అని గట్టిగా చెప్పాలి. సిగ్గుపడితే కుదరదు.

లివర్ ఇచ్చేవాళ్లకి కూడా ఈ టెస్టులా?

అవును. దాత లివర్‌లో కొవ్వు పట్టి ఉన్నా, తాగే అలవాటు ఉన్నా, తీశాక మిగిలిన భాగం సరిగ్గా పెరగకపోవచ్చు. కుడివైపు నుంచి దాదాపు 60 శాతం తీస్తారు కాబట్టి దాత ప్రాణం ముందు.

ఆపరేషన్ అయ్యాక ఇంక టెస్టులుండవు కదా?

ఉంటాయి. చాలాచోట్ల మొదటి ఏడాది తరచుగా, తర్వాత కొన్ని నెలలకోసారి చేస్తారు. తూలితే తొందరగా తెలిసి పట్టుకోవడానికే. కొంతమంది తమంతట తామే ‘ఈసారి పెథ్ ఎంత వచ్చింది’ అని అడుగుతారు. 20 కింద అంకె చూసినప్పుడు వాళ్ల ముఖంలో వెలుగు చూడాలి.

రేపు ఆసుపత్రికి వెళ్తున్నాం. ఏమేం తీసుకెళ్లాలి?

వేసుకునే మందులన్నీ, అరిష్టాలు, టానిక్కులు, చుక్కల మందులతో సహా సీసాలే సంచిలో వేసుకుని వెళ్లండి. పేర్లు రాసుకెళ్తే సగం మర్చిపోతాం. రక్తం ఎక్కించిన కాగితాలు, పాత రిపోర్టులు తేదీల వరసలో పెట్టుకోండి. చివరిసారి తాగిన తేదీ, ఏమిటి, ఎంత అన్నది ఒక చీటీ మీద రాయండి. తేదీ గుర్తు లేకపోతే ఏ పండగ ముందో, ఎవరి పెళ్లి తర్వాతో రాసినా చాలు. మూత్రం టెస్టు ఉందని చెప్తే పొద్దున మౌత్‌వాష్ వాడకండి, చేతులు సబ్బుతో కడుక్కోండి. బస్సయినా రైలయినా రోగితో పాటు, ఇంట్లో నిజం తెలిసిన మనిషి ఒకరు తప్పకుండా వెళ్లండి.